వాత్సల్యము – హితము

భగవత్కైంకర్యమునకు దేహమే తొలి పరికరము. పూలు కోయుటకు చేతులు, ప్రదక్షిణము చేయుటకు కాళ్ళు, నామము పలుకుటకు నాలుక కావలెను. అందువలననే ఆచార్యులు దేహమును తుచ్ఛమని త్రోసిపుచ్చక, అది స్వామి సొత్తనియు, స్వామి సొత్తును జాగ్రత్తగా కాపాడుట దాసుని ధర్మమనియు బోధించిరి. పెద్దవారు తమ దేహమును తామే కాపాడుకొనగలరు. పసిబిడ్డ దేహము మాత్రము పరుల రక్షణలో నున్నది. దానికి ఏమి పెట్టవలెను, ఎంత పెట్టవలెను, ఎప్పుడు చాలుననవలెను అను నిర్ణయము బిడ్డది కాదు. తల్లిదండ్రులది, తాతలది, అమ్మమ్మ నాయనమ్మలది. ఆ నిర్ణయములో ప్రేమ స్వరూపమునకు సంబంధించిన ప్రశ్నయొకటి దాగియున్నది. బిడ్డ కోరినదెల్ల ఇచ్చుట వాత్సల్యమా? కోరినను కొన్ని ఇవ్వకుండుట వాత్సల్యమా?

ఈ ప్రశ్నకై దూరదేశములకు పోనక్కరలేదు. శ్రీకాకుళమునకు దక్షిణమున, 16వ నంబరు జాతీయ రహదారిపై నున్న ఎచ్చెర్లను చూచిన చాలును. అరసవల్లి సూర్యనారాయణస్వామిని, శ్రీకూర్మనాథుని సేవింప విశాఖపట్నము వైపు నుండి వచ్చు యాత్రికుల వాహనములు ఈ దారినే సాగును. మండలము తూర్పు అంచున సముద్రము, బుడగట్లపాలెము వంటి మత్స్యకార గ్రామములు కలవు; లోపలి ఊళ్ళలో వరిచేలు కలవు. 2008లో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయము ఎచ్చెర్లలోనే యున్నది. ఇట్టి రహదారి ఊళ్ళకు చదువు వచ్చినది, ఉద్యోగము వచ్చినది, చేతిలో నాలుగు డబ్బులాడు రోజులు వచ్చినవి. ఇవన్నియు భగవదనుగ్రహములే. వానితోపాటు మరికొన్నియు వచ్చినవి. చద్దన్నము తిని గట్ల వెంట నడచి బడికి పోయిన తరము వారి మనుమలు నేడు బస్సులలో, ఆటోలలో పోవుచున్నారు. చెడుగుడు కూతలతో, గోడిబిళ్ళ ఆటలతో గడచిన సాయంకాలములు సెల్‌ఫోను ముందు గడచుచున్నవి. కిరాణా కొట్ల ముందు వేపుడు చిరుతిండ్ల ప్యాకెట్లు తోరణములవలె వ్రేలాడుచున్నవి.

దీని ఫలము లెక్కలలో కనబడుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2022లో 5 నుండి 19 ఏండ్ల లోపు పిల్లలలో 39 కోట్లకు పైబడిన వారు ఉండవలసిన దానికంటె అధికమైన బరువుతో నుండిరి. వారిలో 16 కోట్ల మంది స్థూలకాయులు. 1990లో ఈ వయసు పిల్లలలో నూటికి 8 మందికి అధిక బరువుండగా, 2022 నాటికి నూటికి 20 మందికి ఏర్పడినది. భారతదేశములో 1990లో సుమారు 4 లక్షలుగా నున్న స్థూలకాయ బాలబాలికల సంఖ్య 2022 నాటికి సుమారు 1 కోటి 25 లక్షలకు పెరిగినదని, 2024లో వెలువడిన అంతర్జాతీయ పరిశీలన తెలుపుచున్నది. ఒక్క తరము వ్యవధిలో మానవ శరీర నిర్మాణము మారదు. మారినది వంటిల్లు, వీధి, దినచర్య.

ఆకలి జ్ఞాపకము

ఇచట ఒక న్యాయమైన ఆక్షేపణ కలదు. "ఈ జిల్లా నుండి కూలికై వలస పోవు కుటుంబములెన్నియో కలవు. చిక్కిన బిడ్డలుండగా బొద్దు బిడ్డల చింత యేల? ఇది కలవారి బెంగ కాదా?" అని అడుగవచ్చును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశములో అయిదేండ్ల లోపు పిల్లలలో నూటికి 35.5 మంది వయసుకు తగిన ఎత్తు ఎదుగలేదు. అధిక బరువు గలవారు నూటికి 3.4 మంది మాత్రమే; అయితే అంతకు ముందటి సర్వేలో ఈ సంఖ్య 2.1. కావున పోషణ లేమియే నేటికిని పెద్ద దుఃఖము. కాని ఈ రెండును వేరు వేరు ఇండ్ల దుఃఖములని తలచుట పొరపాటు. కారు చవుకగా దొరకు చిరుతిండి ప్యాకెట్టు పేదవాని బిడ్డ చేతికిని చేరినది. అందు నూనె, ఉప్పు, పిండి కలవు. ఎముకకు, రక్తమునకు, కండకు కావలసినది అత్యల్పము. తక్కువ బరువుతో పుట్టి, పిదప త్వరత్వరగా లావెక్కిన బిడ్డకు పెద్దయిన తరువాత మధుమేహము, హృద్రోగము కలుగు అపాయము ఎక్కువని వైద్యులు చెప్పుదురు. అనగా ఒకే దేహము మొదట లేమిచేతను, పిదప అతిచేతను బాధపడుచున్నది.

బొద్దు బిడ్డను చూచి పెద్దలు మురియుటకు కారణము అజ్ఞానమని తేలికగా తీసివేయరాదు. 1866లో గంజాము జిల్లాను మహాక్షామము పీడించినది. నాటికి శ్రీకాకుళము ఆ జిల్లాలోనిదే. ఆ పిమ్మటను తుపానులు, వరదలు, పంట చేతికి రాని యేండ్లు ఈ సీమ ఎన్నో చూచినది. ఆకలిని ఎరిగిన కడుపునకు నిండిన బుగ్గ ఒక అభయము. "మా మనుమడు ఏనుగు పిల్లలా ఉన్నాడు" అని నాయనమ్మ అనునప్పుడు ఆమె నోట తరతరముల భయము తీరిన సంతోషము పలుకుచున్నది. అందుచేతనే ఎవరైనను బిడ్డ బరువెంతయని అడిగినచో దిష్టి తగులునని మాట మార్చుదురు. ఆ సంతోషము పవిత్రమైనది. అయితే ఆకలి నాటి ఔషధము ఆకలి తీరిన పిదపను అదే మోతాదులో కొనసాగినచో అది ఔషధముగా మిగులదు.

దేహమునకు, మనస్సునకు

బాల్యమున పేరుకొన్న అధిక బరువు దేహమునకు చేయు కీడు పలు విధములు. ఒకప్పుడు నడివయసు వ్యాధియని పేరొందిన మధుమేహము నేడు కౌమారమునందే కనబడుచున్నది. రక్తపోటు పెరుగును; కాలేయమునకు కొవ్వు పట్టును; మోకాళ్ళు, తుంటి కీళ్ళు భారమునకు నొచ్చును; నిద్రలో ఊపిరి తడబడును. రాత్రి సరిగా నిద్ర పట్టని బిడ్డ పగలు తరగతిలో కునుకును, ఉపాధ్యాయుడు సోమరియనును. ఆ బిడ్డ సోమరి కాదు, అలసినవాడు.

మనస్సునకు కలుగు కీడు ఇంతకంటె లోతైనది. తోటి పిల్లలు పేర్లు పెట్టుదురు. "లడ్డూ" అని పిలుచుదురు. వేంకటేశ్వరుని ప్రసాదముగా కన్నులకద్దుకొను వస్తువు పేరు ఒక పసివాని గుండెలో ముల్లై గ్రుచ్చుకొనుచున్నది. చుట్టపుటిండ్లలో పెద్దలును నవ్వులాటగా అదే మాట అందురు. ఆ బిడ్డ ఆటకు పోవుట మానును. ఆట మానినకొలది బరువు పెరుగును. బరువు పెరిగినకొలది సిగ్గు పెరుగును. సిగ్గు కలిగించిన దిగులును తిండితో తీర్చుకొనును. ఈ చక్రములో స్థూలకాయము వలన దిగులు, దిగులు వలన స్థూలకాయము ఒకదానినొకటి పెంచుకొనునని మానసిక వైద్యుల పరిశీలన. ఇంటివారికి పైకి కనబడునది తిండి మాత్రమే. లోపలి దిగులు కనబడదు.

ఈ సందర్భమున శ్రీభాష్యములోని ఒక విషయము స్మరింపదగినది. భక్తి స్థిరపడుటకు సాధనములుగా భగవద్రామానుజులు పూర్వాచార్యుల మతానుసారముగా ఏడింటిని పేర్కొనిరి: వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కళ్యాణము, అనవసాదము, అనుద్ధర్షము. వీనిలో మొదటిదైన వివేకమనగా ఇచట దోషరహితమైన ఆహారముచే దేహమును శుద్ధిగా నుంచుకొనుట. ఆరవదైన అనవసాదమనగా మనస్సు క్రుంగిపోకుండుట. ఆహారముతో మొదలైన వరుసలో మనస్సు క్రుంగకుండుటకును స్థానమున్నది! తినునది శుద్ధముగా నుండవలెనని చూచు ఇల్లు, తినువాని మనస్సు క్రుంగుచున్నదా అనియు చూడవలెను. ఒకదానికై రెండవదానిని బలియిచ్చినచో సాధనము చెడును. బిడ్డను నలుగురిలో కించపరచి తిండి మాన్పించు తల్లిదండ్రులు ఈ పొరపాటే చేయుచున్నారు.

దూడను నాకు గోవు

వాత్సల్యమను పదము వత్సమనగా దూడ అను పదము నుండి పుట్టినది. అప్పుడే పుట్టిన దూడ ఒడలిపై మాయ అంటుకొనియుండును. తల్లియావు దానిని చూచి ముఖము త్రిప్పుకొనదు. తన నాలుకతో నాకి శుభ్రపరచును. భగవంతుడు ఆశ్రితుల దోషములను ఇట్లే చూచునని శ్రీవైష్ణవ సంప్రదాయము. ఇచట పిళ్ళై లోకాచార్యుల సంప్రదాయము వారు దోషమును సైతము భోగ్యముగా స్వీకరించుట వాత్సల్యమనిరి. వేదాంత దేశికుల సంప్రదాయము వారు దోషమును గణింపకుండుట వాత్సల్యమనిరి. ఈ భేదముపై పండితులు శతాబ్దములుగా చర్చించిరి. కాని ఆశ్రితుని దోషము వానిని విడిచిపెట్టుటకు కారణము కాదను విషయమున ఉభయులకును ఏకాభిప్రాయమే.

గోవు ఉపమానములో గమనింపదగినది మరియొకటి కలదు. ఆవు నాకుట వలన దూడకు అంటిన మాయ తొలగును. రక్త ప్రసారము కలిగి, దూడ తడబడుచు తన కాళ్ళపై తాను లేచి నిలుచును. ప్రేమ ఫలము దూడ నిలబడుట. కావున బిడ్డ స్థూలకాయమును చూచి చీదరించుకొనువారికి వాత్సల్యము తెలియదు. "బాగానే ఉన్నాడులే" అని చూడనట్లు ఊరకుండువారును వాత్సల్యమును సగమే ఎరిగినవారు. దోషమును లెక్కింపకుండుట మొదటి సగము. మృదువుగా దానిని తొలగించుట రెండవ సగము. ఇంతకును స్థూలకాయము బిడ్డ చేసిన దోషము కానే కాదు. కొంత వంశము వలన, కొంత ఇంటి అలవాటు వలన, కొంత వీధి వలన, అరుదుగా గ్రంథుల వ్యాధి వలన గాని వాడుచున్న మందుల వలన గాని సంభవించునది.

సంప్రదాయమున శ్రీమన్నారాయణుని హితపరుడనియు, లక్ష్మీదేవిని ప్రియపర యనియు చెప్పుదురు. తండ్రి మేలు కోరి శాసించును. తల్లి మనసెరిగి లాలించును. ఇద్దరును కలిసియుండుటయే శ్రియఃపతి తత్త్వము. ఇంటిలో ఈ రెండును విడిపోయినచో బిడ్డ నలుగును. తండ్రి కసరును, నాయనమ్మ కొంగు చాటున జంతికలు పెట్టును. ఒకచోట ప్రియము లేని హితము, మరియొకచోట హితము లేని ప్రియము. బిడ్డ దీని నుండి నేర్చుకొనునది ఒక్కటే – తిండిని దాచుకొని తినవలెనని.

యశోదాదేవి ఈ రెంటిని ఒకేచోట చూపినది. వెన్న పెట్టినదియు ఆమెయే. అల్లరి మితిమీరినప్పుడు నడుమునకు త్రాడు చుట్టి రోటికి కట్టినదియు ఆమెయే. జగత్తునంతయు కట్టివేయువాడు ఆ తల్లి త్రాటికి కట్టుబడి దామోదరుడని పేరు పొందినాడు. తల్లి యొక్క "చాలును" అను మాటకు పరమాత్మయే తలవంచినాడనిన, ఆ మాటలో ఎంత ప్రేమ యుండవలెనో ఊహింపవచ్చును. కృష్ణుడు వెన్న తిన్నాడని చెప్పి బిడ్డలకు నేతి గిన్నెలు చేర్చువారు, ఆ కృష్ణుడు ఉదయము మొదలు సాయంకాలము వరకు దూడల వెంట అడవులలో నడచినాడని మరువరాదు. పోతన భాగవతములో చల్దులారగించు ఘట్టము ఎరుగని తెలుగువారుండరు. అచట కృష్ణుడు ఒంటరిగా తినలేదు; తెర ముందు కూర్చుండి తినలేదు; నడచి అలసిన చెలికాండ్ర నడుమ కూర్చుండి, పంచుకొని, నవ్వుచు తిన్నాడు. నేటి బిడ్డకు కావలసిన ఆహార విధి సర్వము ఆ దృశ్యములో నున్నది.

ప్రసాదము, ఉపవాసము

ఆలయమునకును ఈ విషయములో సంబంధమున్నది. చక్కెరపొంగలి, పులిహోర, దద్దోజనము, లడ్డు ఇవి స్వామికి ఆరగింపైన పిదప ప్రసాదములగును. ప్రసాదమునకు పరిమాణముతో పనిలేదు, కణమైనను పూర్ణమే. దొన్నె నిండ పెట్టించుకొనుట భక్తికి కొలత కాదు. బిడ్డకు అరచేతిలో చిటికెడు ప్రసాదమునుంచి, కన్నులకద్దుకొనుమని నేర్పిన తల్లి, ఆహారమును గౌరవించుటయు, కొలతగా తినుటయు ఒక్కసారిగా నేర్పినదగును.

తిరుమలలో బిడ్డలను తులాభారము తూచి, బరువునకు సరిసమానముగా నాణెములు, బెల్లము, పటికబెల్లము సమర్పించు మ్రొక్కు కలదు. తక్కెడలో బిడ్డను కూర్చుండబెట్టు తల్లి కన్నులలో ఆనందబాష్పములు నిలుచును. అచట తూగునది మాంసము కాదు, కృతజ్ఞత. సత్యభామ రాశిపోసిన బంగారమునకు తూగని కృష్ణుడు రుక్మిణి ఉంచిన తులసీదళమునకు తూగెనను కథ ఇంటింటను చెప్పుకొందురు. బిడ్డ విలువను బరువులో చూచి మురియువారికిని, బరువును చూచి నవ్వువారికిని ఆ తులసీదళము ఒకే పాఠము చెప్పుచున్నది.

ఏకాదశీ వ్రతమును గూర్చియు ఒక మాట. ఎనిమిదేండ్ల లోపు పిల్లలకును, ఎనుబదియేండ్లు దాటిన వృద్ధులకును శాస్త్రము ఉపవాస నియమము విధింపలేదు. ఎదుగు బిడ్డను పస్తుంచి సన్నబరచుట ధర్మము కాదు, వైద్యమును కాదు. పిల్లల విషయములో బరువును ఒక్కసారిగా దించుట కంటె, ఎత్తు పెరుగుచుండగా బరువు నిలకడగా నుండునట్లు చూచుట మేలని వైద్యుల మతము. పెద్దలకు మాత్రము ఏకాదశి మంచి అవకాశము. అన్నము మానితిమని పేరుపెట్టి వడలు, వేపుళ్ళు, పాయసములతో ద్వాదశిని మించిన విందు చేయు ఇండ్లలో బిడ్డలు నిగ్రహమును నేర్చుకొనలేరు. బిడ్డ వినునది ఉపదేశమును కాదు, విస్తరిని.

కూర్మనాథుని సన్నిధిలో

ఎచ్చెర్లకు అనతి దూరమున శ్రీకూర్మ క్షేత్రమున్నది. కూర్మావతారమునకు ప్రసిద్ధమైన ఆలయము అరుదుగా గల దేశములో, ఈ సీమకు లభించిన భాగ్యమది. తాబేలు తన అవయవములను లోనికి ముడుచుకొనునట్లు ఇంద్రియములను విషయముల నుండి మరల్చువాని బుద్ధి స్థిరమని గీత రెండవ అధ్యాయము తెలుపుచున్నది. నాలుకను జయించుట ఆ విద్యలో మొదటి పాఠము. దీనిని పెద్దలు తమకై గ్రహింపవలెను.

బిడ్డ విషయమున కూర్మము చెప్పు పాఠము వేరొకటి. క్షీరసాగర మథన వేళ మందరగిరి తన భారముచే తానే సముద్రములో మునిగిపోజొచ్చినది. స్వామి ఆ కొండను ఇంత బరువేలయని నిందింపలేదు. తాను కూర్మమై అడుగునకు పోయి, తన వీపుపై దానిని నిలిపినాడు. అప్పుడే మథనము సాగినది, అమృతము పుట్టినది. బరువు క్రింద మునుగుచున్న బిడ్డకు పెద్దలు చేయవలసినదియు ఇదియే. "నీవు తగ్గుము" అని గట్టుమీద నిలుచుండి ఆజ్ఞాపించుట కాదు. ఆ భారము క్రిందికి తామే దిగి మోయుట. బిడ్డ మానవలెనన్న చిరుతిండిని ఇల్లంతయు మానవలెను. బిడ్డ నడువవలెనన్న తండ్రి వెంట నడువవలెను. బిడ్డ చేతి నుండి సెల్‌ఫోను దిగవలెనన్న తల్లి చేతి నుండి మొదట దిగవలెను.

చేయవలసిన పనులు కష్టమైనవి కావు. 300 మిల్లీలీటర్ల తీపి శీతల పానీయములో సుమారు 30 గ్రాముల పంచదార యుండును; దాహమునకు మజ్జిగ, కొబ్బరినీరు, మంచినీరు ఈ సీమలో కొరవడలేదు. పూర్వము ప్రతి ఇంట కాచిన చోడి అంబలి, పెసలు, ఉలవలు, ఆకుకూరలు, పెరటి జామ – ఇవి కడుపు నింపుచునే ఒంటికి బలమిచ్చును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకములును పలు రకముల సహజాహారమును తీసుకొనుమనియు, నూనె, ఉప్పు, పంచదారలను తగ్గింపుమనియు చెప్పుచున్నవి. బిడ్డలు దినమునకు కనీసము 60 నిమిషములు చెమట పట్టునట్లు ఆడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆరు నుండి పన్నెండేండ్ల పిల్లలకు రాత్రి 9 గంటలకు తగ్గని నిద్ర కావలెను. ఆహారము, విహారము, నిద్ర, మెలకువ వీనియందు మితమును పాటించువానికే యోగము దుఃఖమును పోగొట్టునని గీత ఆరవ అధ్యాయములో భగవానుడు చెప్పినదానికి ఈ సూచనలు అనుగుణముగానే యున్నవి. బరువు మరీ ఎక్కువగా నున్నచో, లేక బిడ్డ ముభావముగా, ఒంటరిగా మెలగుచున్నచో, వైద్యుని సంప్రదించుటకు వెనుదీయరాదు. దిష్టి తీయుట వైద్యమునకు అడ్డు కారాదు.

దేహబలమును గౌరవించుట ఈ సీమకు క్రొత్త కాదు. కలియుగ భీముడని ప్రసిద్ధి చెంది, 1942లో కీర్తిశేషుడైన కోడి రామమూర్తి నాయుడు వీరఘట్టమున పుట్టి, విజయనగరమున సాధన చేసి, శాకాహారముతోనే లోకము విస్తుపోవు బలమును సంపాదించినాడు. ఆమదాలవలస ప్రాంతమున పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల తరగతిలో మొత్తము 240 కిలోలెత్తి, ఆ క్రీడలలో పతకము గెలిచిన తొలి భారతీయ మహిళ యైనది. సన్నగా నుండుటయే ఆరోగ్యమని బిడ్డలకు భ్రమ కలిగింపరాదు. స్వామి ఇచ్చిన దేహము ఏ ఆకృతిలో నున్నను అది పనిచేయగల దేహము, సేవకు తగిన దేహము కావలెను. ఆ నమ్మకము బిడ్డకు ఇంటిలో కలిగినచో వీధిలోని వెక్కిరింపు వానిని క్రుంగదీయలేదు.

బిడ్డ ఆలయ ప్రాకారము చుట్టు ఆయాసము లేక పరుగెత్తి, నవ్వుచు వచ్చి, స్వామి ఎదుట చేతులు జోడించుట కంటె గృహస్థునకు కావలసిన సంపద లేదు. అట్టి సంపదను బిడ్డలకు ప్రియముగను, హితముగను కూర్చు సద్బుద్ధిని శ్రీకూర్మనాథుడు ప్రతి గృహమునకు ప్రసాదించుగాక!